అంజలమ్మకు శాలువా

తాంబూలం పళ్ళెం పట్టుకొని రామ్‌కుమార్ గడప దాటగానే అంజలమ్మకు అనుమానం వచ్చింది. పళ్ళెంలో ఆకులు, వక్కలు, అరటిపళ్ళు మామూలుగానే ఉన్నాయి. మామూలుగా లేనిది అతని నవ్వు. నాసి ఏలక్కాయలను మంచి సరుకని చెప్పి అమ్మేటప్పుడు తమిళనాట బోడినాయకనూరు వ్యాపారులు అలాగే నవ్వుతారు. పెళ్ళికి ముందు ఏలక్కాయల గోదాములో కూర్చొని కాయలు ఏరిన మనిషికి ఆ నవ్వు తెలియకుండా ఉంటుందా?

"అత్తా, ఈ ఏడు కూడా జక్కమ్మ పండగకి కచేరి మీదే" అన్నాడు రామ్‌కుమార్. అతను గుడి కమిటీ కార్యదర్శి. వరసకు అల్లుడు.

"ఎప్పుడూ మాదే కద అల్లుడా. దానికి ఇంత నవ్వు ఏంటికి?"

"కొత్త ఒకటి ఉండాది. ఈ ఏడు మీకి పొన్నాడై శాలువా కప్పతాము. కమిటీ అంతా ఒక్క మాటగా చెప్పిరి. నాలుగు పాటలు వాయించండి. ఆమీద శాలువా, మాల, ముందు వరసలో కుర్చీ. కూర్చొని సల్లగా కచేరి సూడండి."

"నేను కుర్చీలో కూర్చుంటే డ్రమ్స్ ఎవురు వాయిస్తారు? జక్కమ్మ తల్లి వచ్చి వాయిస్తాదా?"

"కీబోర్డులోనే తాళం ఉండాది కద అత్తా. బటన్ నొక్కితే సాలు. ఈ వయసులో మీకి ఏంటికి ఇంత శ్రమ?"

అంజలమ్మ మొగుడి వంక చూసింది. గురుసామి ఆమె వంక చూడలేదు. తల వంచుకొని, రెండు చేతులూ చాచి, పళ్ళెం అందుకున్నాడు.

అంతటితో మాట అయిపోయింది. తెలుగు మాట్లాడే వాళ్ళ కులంలో తాంబూలం రెండు చేతులా పట్టుకుంటే ఒప్పుకున్నట్టే. తిరిగి ఇవ్వడానికి లేదు. బృందం పెద్ద పట్టుకున్నాడంటే బృందమంతా పట్టుకున్నట్టు. రామ్‌కుమార్ కాఫీ తాగి, అత్తకూ మామకూ దండం పెట్టి, వచ్చినప్పటికంటే పెద్దగా నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

"నా చేతులు రెండూ నరికేసి వాని పళ్ళెంలో పెట్టితిరి కద" అంది అంజలమ్మ.

"ఏమే, శాలువా కప్పితే చేతులు పోతాయా? మరియాద చేస్తామంటా ఉండారు."

"దొరసామికి చేసిరి కద మరియాద!"

దొరసామి తేని పట్నంలో గిటార్ వాయించేవాడు. ఒక పెళ్ళి కచేరిలో పెద్దమనుషులు అతనికి శాలువా కప్పి, కళాసేవ గురించి ప్రసంగాలు చేశారు. ఆ తర్వాత ఎవరైనా కచేరికి మనిషి కావాలంటే "ఆయన రిటైర్ అయినాడు కద, శాలువా కూడా కప్పిరి" అనేవాళ్ళు. దొరసామి ఎన్నడూ రిటైరయ్యానని చెప్పలేదు. శాలువా చెప్పింది. ఒకప్పుడు వీళ్ళ బృందంలోనే పాడిన అప్పసామి సంగతీ అంతే. శాలువాతో దిగిన ఫోటో అతని ఇంటి నడవలో వేలాడుతోంది. ఇప్పుడు గేదెకు పాలు పిండేటప్పుడు తప్ప అతను పాడడు.

ముసలి వాద్యగాణ్ణి దిగిపొమ్మని మొహం మీద చెప్పడం ఆ ఊళ్ళలో మర్యాద కాదు. శాలువా కప్పడం మర్యాద.

*

అంజలమ్మ తండ్రి ఉరుమి వాయించేవాడు. పండగల్లో, పెళ్ళిళ్ళలో వాళ్ళ మగవాళ్ళు ఆడే దేవరాట్టానికి ఆ వాద్యమే ఆధారం. ఒక వైపు వంకర పుల్లతో రుద్దితే పులి గుర్రుమన్నట్టు మూలుగుతుంది, రెండో వైపు కొడితే గుండె అదురుతుంది. ఆ ఇంట్లో ఆడపిల్లలు ఉరుమిని ముట్టుకోకూడదు. అంజలమ్మ ముట్టుకోలేదు. దాని దెబ్బలన్నీ చెవితో పట్టుకొని, గోదాములో జల్లెడ ఆడిస్తూ, ఏలక్కాయలు ఎగిరి పడే చప్పుడులో కలిపి కొట్టుకునేది. పక్కన ఏరే ఆడవాళ్ళు "నీకి జల్లెడ ఇచ్చితే పండగ సేస్తావే" అని మందలించేవాళ్ళు. మందలిస్తూనే ఆ తాళానికి చేతులు ఆడించేవాళ్ళు. పని తొందరగా తెమిలేది.

ఉరుమి అన్నకు దక్కింది. అన్న పేరు పెరియసామి. అంజలమ్మకు రేడియో రిపేరు చేసే గురుసామి దక్కాడు.

గురుసామికి ఒక పిచ్చి ఉండేది. కొండ మీద ఏలక్కాయల తోటకు మేనేజరుగా ఉన్న ఒకాయన ఊరు వదిలి వెళ్తూ సామాన్లు అమ్మేస్తే, అందులో ఒక కరెంటు గిటార్ కొన్నాడు. దాంతో పాటు వచ్చిన క్యాసెట్లు విని, దాన్ని రాక్ అంటారని తెలుసుకున్నాడు. నలుగురు స్నేహితులను పోగుచేసి, "థండర్ బాయ్స్" అని బోర్డు రాయించాడు. పెళ్ళిళ్ళకూ పండగలకూ సినిమా పాటలే వాయించేవాళ్ళు. చివర్లో మాత్రం తమ సొంతది ఒకటి. మాటల్లేని ఆ పాటకు పేరు కూడా జనమే పెట్టారు, "జీపు పాట" అని. బోడినాయకనూరు నుంచి ఘాట్ రోడ్డు మీద తోటకు ఎక్కే జీపులా అది మొదటి గేరులో మూలుగుతూ మొదలవుతుంది, వంపు వంపుకూ గేరు మార్చుకుంటూ పైకెక్కుతుంది, శిఖరం మీద ఒక్క క్షణం ఆగి, బ్రేకులు తెగినట్టు కిందికి దూకుతుంది. గిటారు బండి. డ్రమ్స్ ఇంజను.

మొదటి డ్రమ్మర్ ఒక కచేరి రోజు కనబడకుండా పోయాడు. కంబంలో పెళ్ళి. పందిరి నిండా జనం. గురుసామి తల పట్టుకొని కూర్చుంటే, బృందానికి అన్నం వండి పెట్టడానికి వచ్చిన అంజలమ్మ కొంగు బిగించి, డ్రమ్స్ వెనక స్టూలు మీద కూర్చుంది. పాటలన్నీ ఆమె చెవుల్లో ఉన్నాయి. ఉరుమిని ఆడది ముట్టకూడదని చెప్పినవాళ్ళు డ్రమ్స్ గురించి ఏమీ చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని వాళ్ళకు తోచలేదు.

ఆ రోజు పందిట్లో ఒక పెద్దామె అంది: "వయసు పిల్ల, కాళ్ళు ఎడం చేసుకొని ఏమి కూర్చోడం అది!"

కార్తీక కడుపులో ఉన్నప్పుడు వేరే మాట: "కడుపుతో ఉండేది ఇట్ల అదరగొడితే బిడ్డ ఏమయ్యేది?"

బిడ్డ పుట్టాక: "బిడ్డ తల్లి. ఇంట్లో ఉండకూడదా?"

బిడ్డ పెళ్ళికి ఎదిగాక: "కూతురికి సంబంధాలు వచ్చే వేళ. ఇంకా ఏమి ఆట?"

ఇప్పుడు: "పాట్టి, అవ్వ అయిపోయె. ఏంటికి ఇదంతా?"

ఇదంతా తలచుకుంటే అంజలమ్మకు కోపం కన్నా నవ్వే ఎక్కువ వస్తుంది. డ్రమ్స్ వాయించడానికి ఫలానా వయసు తగిన వయసు అని ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా చెప్పలేదు. అప్పుడు చిన్నది, తర్వాత తల్లి, ఇప్పుడు ముసలిది. మధ్యలో ఎక్కడో ఒక మంచి రోజు ఉండి ఉంటే అది తనకు తెలియకుండానే దాటిపోయింది.

*

పండగకు రెండు రోజుల ముందు కార్తీక పిల్లను తీసుకొని తేని నుంచి వచ్చింది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఏడాదిన్నర గోపికను ఎత్తుకున్నప్పటి నుంచి ఆమెకు లోకంలో ప్రతి వస్తువూ ఏదో ఒక ప్రమాదంగా కనబడుతోంది. వచ్చీ రాగానే గూట్లో ఉన్న చీమల మందు పైకెక్కించింది. పిల్ల చెవులకు కప్పడానికి పెద్ద పెద్ద కప్పులు తెచ్చింది, పందిట్లో శబ్దం ఎంతో ఫోనులో కొలుస్తానంది.

పిల్ల కొత్త చోట నిద్రపోదు. ఏడ్చి ఏడ్చి ముఖం ఎర్రబడింది. అంజలమ్మ నేరుగా డ్రమ్స్ దగ్గరకు వెళ్ళి, అన్నిటికంటే పెద్దదైన కాలి డ్రమ్ము ముందున్న గుండ్రటి కంతలో చెయ్యి పెట్టి, లోపలి నుంచి ఒక పాత నూలు చీర లాగింది. ఒకప్పుడు కార్తీకకు తూళి, అంటే గుడ్డ ఉయ్యాల, కట్టిన చీర అది. కార్తీక పెరిగాక అది డ్రమ్ములోకి వెళ్ళింది. లోపల మెత్తటి గుడ్డ లేకపోతే ఆ డ్రమ్ము ఖాళీ గాదెలా మోగుతుంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య చప్పుడు కలిసిపోతుంది. గుడ్డ ఉంటే ప్రతి దెబ్బా విడిగా, గట్టిగా పడుతుంది. దులిపి, ఉతికి ఆరేసి, దూలానికి తూళి కట్టింది. గోపిక అందులో పడి, వేలు నోట్లో పెట్టుకొని నిద్రపోయింది.

"అమ్మా, ఇది సూడు" అని కార్తీక ఫోను చూపించింది. కిందటి ఏడు కచేరి వీడియో ఎవరో పెట్టారు. కింద జనం రాసిన మాటలు. ఒకడు ఆసుపత్రి మంచం బొమ్మ పెట్టాడు. ఒకడు "థండర్ బాయ్స్ అని బోర్డు, సూస్తే థండర్ తాతలు" అని రాశాడు. ఇంకొకామె "ఎంత ముద్దుగా ఉందో ఈ పాట్టి!" అని గుండెల బొమ్మలు అంటించింది.

"ఆ మంచం బొమ్మ పెట్టినవాడు మేలు" అంది అంజలమ్మ. "వాడికి నేను వాయించేది వినపడింది, కోపం వచ్చె. ఈమెకి నా నెరిసిన తల తప్ప ఏమీ వినపడలే."

"నీ మోకాలు సూసుకున్నావా? మొన్న మెట్లు ఎక్కలేకపోతివి. ఇంట్లో వాయించేటప్పుడు నా వాచీ నీ చేతికి కడితే గుండె ఎంత కొట్టిందో తెలుసా? నూట నలభై!"

"నీ పిల్లని ఎత్తుకొని మిద్దె ఎక్కితే ఎంత సూపిస్తాది నీ వాచీ?"

"అది వేరే..."

"ఏమి వేరే కన్నూ? పిల్లని ఎత్తేటప్పుడు నాకి వయసు లేదు. డ్రమ్స్ ముందర కూర్చుంటే వయసు వచ్చేస్తాదా?"

కార్తీక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వాళ్ళు నవ్వితే నాకి కడుపు మండతాదమ్మా. నువ్వు ఏదో ఒక రోజు స్టేజీ మీద నుంచి పడిపోతే దాన్ని కూడా వీడియో తీస్తారు. శాలువా కప్పించుకొని కూర్చోకూడదా? ఎవురూ తప్పుగా అనుకోరు."

అంజలమ్మ కూతురి తల నిమిరింది. భయపడుతున్న పిల్ల మీద కోపం రాదు. కానీ తగ్గలేదు. "మీ పెరియసామి మామకి నాకంటే ఎనిమిదేళ్ళు ఎక్కువ. పండగలో ఉరుమి ఎవురు వాయిస్తారు?"

"మామనే."

"వానికి ఎవరన్నా చెప్పిరా, వయసైపోయె, దిగి కూర్చో అని?"

"అది సామి వాద్యం అమ్మా. పెద్దోళ్ళు వాయిస్తేనే..."

"అదే అడగతా ఉండా. అదే చెయ్యి, అదే దెబ్బ, అదే ఊరు. వాడు కొడితే అనుభవం, నేను కొడితే వయసు. నీ ఫిజిక్స్‌లో దీనికి ఏమన్నా లెక్క ఉండాదా?"

కార్తీక ఫోను పక్కన పెట్టింది. తూళి ఊపుతూ కూర్చుంది. పండగనాడు అందరూ పిల్ల తిండి, పిల్ల మందు, చెవి కప్పులు సర్దుకునే హడావిడిలో పడ్డారు. చీర తూళిలోనే ఉండిపోయింది.

*

సాయంత్రం కచేరి. కొండల మీద మబ్బు దిగింది కానీ వాన లేదు. పందిరి ఒక కొసన పెరియసామి ఉరుమి దించి, చెమట తుడుచుకొని సోడా తాగుతున్నాడు. అప్పటిదాకా ఆ ఉరుమికే ఊరంతా ఆడింది.

మొదటి పాట ఎత్తుకోగానే అంజలమ్మకు పొరపాటు తెలిసిపోయింది. కాలితో పెడల్ నొక్కితే డ్రమ్ము "దొంయ్" అని పందిరంతా మోగి, ఆ మోత చావకముందే రెండో దెబ్బ దాని మీద పడింది. పాట బురదలో నడిచినట్టు నడిచింది. మైకులు చూసే మనిషి చెవులు మూసుకున్నాడు. ముందు వరసలో కుర్రాళ్ళు నవ్వారు.

"పాట్టీ, బండికి ఆయిల్ మార్చాల!"

"థండర్ బాయ్స్ ఏది? అంతా థండర్ తాతలే!"

వేదిక కింద రామ్‌కుమార్ పక్కవాడితో ఏదో అన్నాడు. వినబడకపోయినా అంజలమ్మకు తెలుసు. చూస్తివా, నేను చెప్పితి కద, వయసైపోయె.

అదీ ఆమెకు భరించలేనిది. డ్రమ్ములో గుడ్డ లేకపోతే వచ్చే మోతను వాళ్ళు ఆమె చేతుల ఖాతాలో రాసుకుంటున్నారు. ఇదే వేదిక మీద ఇరవై ఏళ్ళ కుర్రాడు ఇలా వాయిస్తే డ్రమ్ము బాగా లేదంటారు. తాను వాయిస్తే తాను బాగా లేదంటారు. ఇప్పుడు శాలువా కప్పించుకొని దిగిపోతే ఊరికి చివరిదాకా గుర్తుండేది ఈ మోతే.

నాలుగో పాట సగంలోనే రామ్‌కుమార్ మైకు పట్టుకొని వేదిక ఎక్కాడు. కళ గురించి, నలభై ఏళ్ళ సేవ గురించి, తల్లి లాంటి అంజలమ్మ అత్త గురించి మాట్లాడాడు. కింద ముందు వరస మధ్యలో ఒక ఎర్ర కుర్చీకి పూలదండ చుట్టి ఉంది. పద్ధతి ప్రకారం ఆమె లేచి, ముందుకు వచ్చి, తల వంచాలి. ఆమె లేవలేదు. కుడి చెయ్యి తాళం తప్పకుండా సింబల్ రేకు మీద నడుస్తూనే ఉంది. చివరికి రామ్‌కుమారే వైర్లు దాటుకుంటూ డ్రమ్స్ వెనక్కి వచ్చి, జరీ అంచు ఆకుపచ్చ శాలువా ఆమె భుజాల మీద కప్పాడు. చప్పట్లు. ఫోటోలు. పాట ముగిసింది.

"రండి అత్తా" అన్నాడు, కుర్చీ వైపు చెయ్యి చూపించి.

కీబోర్డు దగ్గర తంగవేల్ వేలు తాళం బటన్ మీద పెట్టుకొని, నొక్కాలా వద్దా అని గురుసామి వంక చూస్తున్నాడు. గురుసామి గిటారు తీగలు చూసుకుంటున్నాడు.

అంజలమ్మ శాలువాను వేళ్ళతో నలిపి చూసింది. ఉన్ని కలిపినది. మందంగా ఉంది. మెత్తగా ఉంది.

ఆమె లేచింది. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు, దిగివస్తోందని. ఆమె మెట్ల వైపు పోలేదు. డ్రమ్స్ ముందుకు వచ్చి, మోకాలు టప్పుమనగా నేల మీద కూర్చొని, శాలువా భుజాల మీది నుంచి తీసి, నాలుగు మడతలు వేసి, పెద్ద డ్రమ్ము కంతలోకి కుక్కింది. జరీ అంచు బయటికి వేలాడితే దాన్ని కూడా రెండు వేళ్ళతో లోపలికి తోసింది.



"అత్తా! ఏమి చేస్తిరి! అది మరియాదకి కప్పింది!" రామ్‌కుమార్ మైకు ఆపడం మరిచాడు. ఆ మాట ఊరంతా వినబడింది.

ఆ మైకులోకే వంగి అంజలమ్మ అంది: "నాకి సలి లేదు అల్లుడా. ఇది ఉత్త కడుపుతో అరస్తా ఉండాది. దీనికి కప్పితిని."

ఎవరో ఈల వేశారు. ఎవరో "అదీ!" అన్నారు. ఒక పెద్దాయన అమ్మవారి సన్నిధిలో ఇచ్చిన బట్టను అట్లా చేయవచ్చునా అని గొణిగాడు. ఆమె కీబోర్డు అంచు పట్టుకొని లేచి, స్టూలు మీద కూర్చొని, పెడల్ ఒకసారి నొక్కింది.

"ధప్."

పొడిగా, పొట్టిగా, గోడకు మేకు దిగినట్టు. మైకులు చూసే మనిషి తల ఎత్తి బొటనవేలు చూపించాడు.

"తాంబూలం మీరు పట్టితిరి" అంది ఆమె మొగుడితో, మైకు లేకుండా. "శాలువా కప్పించుకొంటి. మాట తీరిపోయె. దిగతానని నేను ఎవురికీ చెప్పలే. ఇంక జీపు పాటకి మీ బటన్ గేరు మారస్తాదేమో అడగండి."

గురుసామి తంగవేల్ వంక చూశాడు. తంగవేల్ వేలు తీసేశాడు. ఆ యంత్రానికి ఒకే వేగం తెలుసు. గురుసామి తాంబూలం పట్టినప్పటి నుంచి ఎత్తని తల ఎత్తి, భార్య కళ్ళలోకి చూసి, గిటారు మీద మొదటి గేరు మూలుగు తీశాడు.

జీపు కదిలింది. మొదటి వంపు దగ్గర ఆమె కాలు నిదానంగా పడింది. రెండో వంపు దగ్గర గేరు మారింది. నవ్విన కుర్రాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఫోన్లు దించి, తలలు ఊపడం మొదలుపెట్టారు. ఒకడు మాత్రం వదలలేదు. "పాట్టీ, బ్రేకు ఉండాదా?" అని అరిచాడు. ఆమె కర్రతో డ్రమ్ము అంచును టక్కుమని కొట్టి, వాడి వైపే కర్ర చూపించి, ఇంకో గేరు వేసింది. పందిరి చివర కార్తీక పిల్లను గుండెకు హత్తుకొని నిలబడి ఉంది. పిల్ల చెవులకు కప్పులు. కార్తీక ఫోనులో శబ్దం కొలిచే గీత పైకి ఎగబాకుతోంది. ఆమె దాన్ని కాసేపు చూసి, ఇంకో పది అడుగులు వెనక్కి వెళ్ళి, ఫోను సంచిలో వేసుకుంది. భయం పోలేదు. అమ్మ మోకాలి మీద నుంచి చూపు కూడా తిప్పుకోలేదు. కానీ ఆమె పెదవులు గేర్లు లెక్కపెడుతున్నాయి, చిన్నప్పుడు వేదిక వెనక కూర్చొని లెక్కపెట్టినట్టే.

శిఖరం మీద ఒక్క క్షణం అంతా ఆగింది. ఆ నిశ్శబ్దంలో పందిరి కొస నుంచి ఒక మూలుగు వచ్చింది. పెరియసామి ఉరుమి మీద పుల్ల రుద్దుతున్నాడు. అంజలమ్మ అటు తిరిగి కర్ర ఆడించి, వద్దంది.

"ఇది నాది అన్నా!" అని అరిచింది. "నువ్వు సోడా తాగు!"

జనం గొల్లుమన్నారు. అందరికంటే పెద్దగా పెరియసామే నవ్వాడు. ఉరుమి పక్కన పెట్టి, కాళ్ళు నొప్పులని గొణుక్కుంటూ ముందు వరసకు నడిచి, పూలదండ చుట్టిన ఎర్ర కుర్చీలో కూలబడ్డాడు. అడ్డుచెప్పబోయిన రామ్‌కుమార్‌ను "కుర్చీ ఖాళీగానే ఉండాది కదరా" అని నోరు మూయించాడు.

బ్రేకులు తెగాయి. జీపు కొండ దిగింది.

ఇంటికి వెళ్ళే వ్యానులో గోపిక నిద్రపోయింది. గురుసామి అన్నాడు: "వచ్చే ఏడు మనల్ని పిలవరు."

"పిలవకపోతే పోనీ. కంబంలో పిలుస్తారు, లేకపోతే మన మిద్దె మీద వాయిస్తాము. కానీ ఇంకొకసారి నన్ను అడక్కుండా తాంబూలం పట్టితే, ఆ పళ్ళెం కూడా డ్రమ్ములోకే పోతాది."

గురుసామి మెల్లగా నవ్వి, ఇంటి ముందు దిగగానే తనే డ్రమ్ము ఎత్తుకున్నాడు. "శాలువా తీసేదా? చీర మళ్ళీ లోపల పెట్టేదా?"

"చీర మనవరాలిది. తూళిలోనే ఉండనీ" అంది అంజలమ్మ, ఒక చేత్తో కూతురి భుజం, ఒక చేత్తో మోకాలు పట్టుకొని గడప ఎక్కుతూ. "శాలువా నాది."